రాయి లేని రేవు

కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రునేలమీద, చుట్టుపట్ల కొండగాని గుట్టగాని కానరాని చోట వెలసిన మచిలీపట్టణమునకు, అనగా బందరునకు, మట్టికిని, నీటికిని, ఉప్పునకును కొదువలేదు, రాతికి మాత్రమే కఱవు. ఆ యూరి కట్టడముల కథయంతయు ఈ యొక్క లోటునుండియే పుట్టినదని నాకు తోచుచుండును.

గోలకొండ సుల్తానుల ముఖ్యమైన రేవై, అద్దకపు బట్టలను పారశీకమువఱకు పంపుచుండిన మంచిరోజులలోనే ఇచ్చటి యిండ్లు కొయ్యతో కట్టినవని, 17వ శతాబ్దమున వచ్చిచూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసియున్నాడు. డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, పిమ్మట ఫ్రెంచివారును ఇచ్చట కోఠీలు పెట్టిరి. ఊరికి ఎడముగా, బాడవనేలల నడుమనున్న బందరుకోటను 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడిచేసి ఫ్రెంచివారినుండి గైకొన్నాడు; విజయనగరపు ఆనందరాజు సైన్యమును నాడతని వెంటనుండెను.

ఇక 1864 నవంబరు 1. ఆ రాత్రి వచ్చిన ఉప్పెనలో ముప్పదివేలమంది వఱకు ప్రాణములు కోలుపోయిరి. బందరు పెద్దలు నేటికిని ‘ఉప్పెన’ అను మాటను ఊరక పలుకరు. కోటలోని ఆయుధాగారమును గంటగోపురమును మాత్రము ఇంకను నిలిచియున్నవి. ఉప్పుగాలికి ఇటుక చవుడుపట్టి, సున్నము పెచ్చులూడి, గోడల సందులలో రావిమొక్కలు వేళ్లుదన్నుచున్నవి. వీనిని చూచి వచ్చిన రోజున నాకు అన్నము సహింపలేదు.

ఈ యూరికి రాయి రావలెనన్న దూరమునుండి రావలసినదే. 19వ శతాబ్దపు తొలి దశాబ్దములలో రాబర్ట్‌సన్ అను ఇంగ్లీషు ఉద్యోగి అమరావతీ స్తూపమునుండి శిల్పఫలకములను తెప్పించి, తన పేర వెలసిన పేటలో, అంగడి నడుమ నిలిపించెను. బుద్ధుని కథలు చెక్కిన సున్నపురాళ్ల చెంత కూరగాయల బేరములు సాగిన ఆ దినములను తలచుకొన్నప్పుడు మనసు కలుక్కుమనును. ఫలకములు తరువాత మద్రాసు మ్యూజియము చేరినవి; రాబర్ట్‌సన్‌పేట అను పేరు మాత్రము ఇచ్చట మిగిలినది.

డచ్చివారి శ్మశానములోని రాళ్లు కదలలేదు. నిలువెత్తు నల్లని పలకలమీద వంశచిహ్నములు, శిరస్త్రాణములు, వాని చుట్టు అల్లుకొన్న ఆకుతీగలు, క్రింద మరణించినవారి పేర్లు. ఆ యక్షరములు లోనికి తొలిచినవి కావు. చుట్టుపట్ల రాతిని తఱిగి పైకి ఉబికించినవి. మిట్టమధ్యాహ్నమున పోయి చూచినవానికి పలకయంతయు ఒక్క నలుపుగా కనబడును. ప్రొద్దు వాలి ఏటవాలు వెలుతురు సోకునప్పుడు ఒక్కొక్క అక్షరమును తన ప్రక్క సన్నని నీడను వేసికొని పైకి లేచును.