పొయ్యి మారితే చాలదు, గొట్టమూ మారాలి



మా రాజాంలో పాత ఇల్లు బాగుచేయించుకునేవాళ్ళు ముందుగా వంటింటి మీద పడుతున్నారు. గోడలకు టైల్సు, గట్టుకు నల్లరాయి, దానిమీద తళతళలాడే అద్దం స్టవ్వు. అన్నీ కొత్తవే. సిలిండరు నుంచి పైకొచ్చే గొట్టం మాత్రం పాతదే తెచ్చి మళ్ళీ తగిలిస్తారు. "బాగానే ఉంది గదమ్మా, దండగెందుకూ?" అంటారు. ఆ గొట్టానికీ ఓ చరిత్ర ఉందండీ. వింటే దండగో కాదో మీకే తెలుస్తుంది.

మన అమ్మమ్మల పొయ్యికి గొట్టం లేదు. కట్టెలు, పిడకలు, నార తీసేసిన గోగు పుల్లలు, లేకపోతే ఊక. పొగకు కళ్ళు మండేవి, నిజమే. కాని ఆ పొయ్యిలో ఉన్నదేదో కంటికి కనబడేది. గ్యాసు వచ్చాక మంట ఒకచోట, వంటచెరకు ఇంకోచోట అయ్యాయి. రెండింటి మధ్యా ఉన్నది గొట్టమే.

ఇంగ్లండులో విలియం మర్డాక్ అనే ఆయన 1792లో బొగ్గు నుంచి తీసిన గ్యాసుతో తన ఇంట్లో దీపం వెలిగించాడు. 1812లో లండనులో గ్యాసు కంపెనీయే పుట్టింది. అప్పట్లో గొట్టాలకు కరువొచ్చి, పాత తుపాకీ గొట్టాలను ఒకదానికొకటి అతికి వాడారట! 1825లో వైట్‌హౌస్ అనే ఆయన ఇనుప గొట్టం అతికి తయారుచేసే మంచి పద్ధతి కనిపెట్టాడు. మరుసటి ఏడే జేమ్స్ షార్ప్ గ్యాసు పొయ్యికి పేటెంటు తీసుకున్నాడు. చూశారా, గొట్టం కుదిరాకే పొయ్యి వచ్చింది. మన దేశంలో 1857లో కలకత్తా వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగాయి.

సిలిండరు గ్యాసు మనకు 1955లో బొంబాయిలో మొదలైంది. బర్మాషెల్ వాళ్ళు తెచ్చారు. 1957లో మన విశాఖపట్నంలో కాల్టెక్స్ వారి చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 1965లో కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షను ఇచ్చారు. తరవాత చాలా ఏళ్ళు గ్యాసు కోసం పేరు రాయించుకుని ఎదురుచూడ్డమే మన పని. 1999లో దీపం పథకం వచ్చి, పొదుపు సంఘాల ఆడవాళ్ళ ఇళ్ళలో పొయ్యి పెట్టింది. 2024 నవంబరులో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే పథకాన్ని మన ఇచ్ఛాపురం పక్కన ఈదుపురంలోనే ప్రారంభించారు. ఇన్ని ఇళ్ళలోకి గ్యాసు వచ్చిందంటే, అన్ని ఇళ్ళలోకీ గొట్టం కూడా వచ్చిందన్నమాటే.

గ్యాసుకు సహజంగా వాసన లేదంటే నమ్ముతారా? 1937లో అమెరికాలో, టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్ళో బడి కింద గ్యాసు కారి నిండిపోయింది. వాసన లేదు గనక ఎవరికీ తెలియలేదు. పేలుడులో మూడువందల మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ తరవాతే గ్యాసుకు ఘాటైన వాసన కలపాలని చట్టాలు వచ్చాయి. మనం ముక్కు మూసుకునే ఆ కంపు ఆ పిల్లల ప్రాణాలు పోయాక వచ్చిన రక్షణ.

అంత దూరం ఎందుకు? 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊళ్ళో గెయిల్ వారి గ్యాసు పైపు పగిలి అంటుకుంది. ఇరవైమందికి పైగా పోయారు. నిద్రలో ఉన్నవాళ్ళూ అందులో ఉన్నారు. పొడి గ్యాసుకని వేసిన గొట్టంలో తడి గ్యాసు పోనివ్వడంతో లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. పైకి మాత్రం గొట్టం గొట్టంలాగే ఉంది.

మన ఇంటి రబ్బరు గొట్టానికీ అదే కథ. వేడికీ, నూనె చిందులకూ రబ్బరు గట్టిపడి, వంచితే సన్నటి పగుళ్ళు వేస్తుంది. ఎలుక కొరికితే అంతే సంగతులు. అందుకే లోపల ఉక్కుతీగ అల్లిన నారింజరంగు సురక్షా గొట్టం వచ్చింది. దానికీ అయిదేళ్ళే ఆయుష్షు. తారీఖు గొట్టం మీదే అచ్చువేసి ఉంటుంది, చదవండి. పొడవు మీటరున్నర దాటకూడదు. గట్టు మార్చినప్పుడు స్టవ్వు దూరమైతే గొట్టానికి గొట్టం అతికించకండి, గోడలో పెట్టి సిమెంటు పూయనివ్వకండి. గ్యాసు ఏజెన్సీ మెకానిక్కునే పిలిచి ఇనుప పైపో రాగి పైపో గోడమీద కనబడేలా వేయించండి. పని అయ్యాక అతుకుల దగ్గర సబ్బునీళ్ళు రాసి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడడం మాత్రం వద్దు.

సిలిండరు గ్యాసు గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు స్విచ్చి వేయొద్దు, తియ్యొద్దు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు కిటికీలు బార్లా తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోను చేయండి.

మేస్త్రీకి టైల్సు లెక్క రాసిచ్చే కాగితం మీదే గొట్టం పేరూ రాయండి. అన్నిట్లోకీ చవకైన ఖర్చు అదే.