పింగాణిలోని ‘ప’

పింగాణి అనగానే తెలుగువాళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆవకాయ జాడీ. పైసగం గోధుమరంగు, కిందిసగం మీగడరంగు, మూతికి కట్టిన వాసెన గుడ్డ. తర్వాత కప్పూ సాసరూ. ఆ తర్వాత కరెంటు స్తంభాల మీది ఇన్సులేటర్లు, పాత ఇళ్లలోని ఫ్యూజులు, చివరికి బాత్రూములో కమోడు. ఇన్నిటికీ మన దగ్గర ఒకటే మాట. చిత్రమేమిటంటే అది మట్టి పేరు కాదు, దేశం పేరూ కాదు. ఒక గిన్నె పేరు. అదీ పర్షియన్ వాళ్ల గిన్నె.

పర్షియన్‌లో పింగాన్ అంటే కప్పు, చిన్న గిన్నె. దాన్ని గ్రీకు ‘పినాక్స్’ దాకా, అంటే పలక దాకా, లాక్కెళ్లే పండితులున్నారు. నేనంత దూరం వెళ్లను. పర్షియా రేవు నుంచి మాత్రం దారి బాగానే కనిపిస్తుంది. పడమటికి వెళ్లిన మాట అరబ్బుల నోట ఫింజాన్ అయింది. అరబ్బీలో ‘ప’ లేదు కనుక ‘ఫ’ వచ్చి కూచుంది. తుర్కులు ఆ ఫింజాన్‌నే తీసుకుని అందులో కాఫీ పోసుకున్నారు. తూర్పుకు వచ్చిన మాట ‘ప’ను వదల్లేదు. మలయాళంలో పిఞ్ఞాణం, తమిళంలో పీంగాన్, సింహళంలో పింగాన, మలయ్ భాషలో పింగ్గాన్. వరసగా చదువుకుంటూ పోతే ఓడ ఆగిన రేవుల పట్టీ చదివినట్టుంటుంది. కన్నడిగులదీ మనదీ ఒకటే రూపం. చివరి ‘న’ మన దగ్గర ‘ణ’ కావడంలో వింతేమీ లేదు. దుకాన్ దుకాణమైంది, దీవాన్ దివాణమైంది, అలాగే ఇదీను.

ఈ కథలో నాకు బాగా నచ్చే మలుపు ఒకటుంది. అరబ్బీ పలుకుబడి పెరిగాక పర్షియన్ వాళ్లే తమ కప్పును ఫెంజాన్ అనడం మొదలుపెట్టారు. ఇవాళ టెహరాన్‌లో కప్పు కావాలంటే ఫెంజాన్ అనే అడగాలి. హైదరాబాదులో ఇరానీ హోటళ్లు పెట్టినవాళ్లలో చాలామంది పూర్వీకులు యజ్ద్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన తాతగారికి ఆ మందపాటి తెల్లకప్పు ఫెంజాన్. బల్ల దగ్గర సాసర్లోకి చాయ్ ఒంపుకుంటున్న తెలుగువాడికి పింగాణి కప్పు. వాళ్లు పోగొట్టుకున్న ‘ప’ మనవాడి నోట్లో పదిలంగా ఉంది.

పోగొట్టుకున్నారన్నాను గానీ, పూర్తిగా కాదు. ఇరాన్ పల్లెల్లో భూమి కింద తవ్విన కాలువల నీటిని రైతులు వంతులవారీగా పంచుకునేవారు. వంతు కొలవడానికి అడుగున సన్నటి చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలేవారు. గిన్నె నిండి మునిగితే ఒక లెక్క. ఆ గిన్నెకు మాత్రం పెంగాన్ అనే పాతపేరు నిలిచిపోయింది. మనవాళ్లూ చేసింది అచ్చంగా అదే. ఘటిక అంటే చిన్నకుండ, అది మునిగే సేపు గడియ, అంటే 24 నిమిషాలు. అక్కడ గిన్నె పేరు, ఇక్కడ కుండ పేరు కాలానికి కొలతలయ్యాయి. మన గడియ గడియారంలోకి చేరి ఇప్పుడు చేతికి కూడా ఎక్కింది.

సరే, అసలు సంగతికొద్దాం. ఈ వస్తువును లోకంలో చాలామంది చైనా పేరుతోనే పిలుస్తారు. ఇంగ్లీషువాడికి అది చైనా. హిందీవాడికి చీనీ మిట్టీ. ఇటలీవాళ్లు దాని నునుపు చూసి గవ్వ పేరు పెట్టారు, పోర్సెల్లానా అని. అదే నలిగి పోర్సిలీన్ అయింది. మరి మనకు చైనా పేరు తెలియకనా? చీనాంబరం అన్నాం. దాల్చినచెక్క పర్షియన్ దార్‌చీనీ, అంటే చీనా చెక్క. అనంతపురం చీనీకాయలోనూ ఆ పేరే వినిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సుంకాల పట్టికలో చీని కర్పూరం ఉంది. బట్టకూ చెక్కకూ పండుకూ కర్పూరానికీ తగిలించిన పేరును పాత్రకు మాత్రం తగిలించలేదు.

పాత్రలు రాక కాదు. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో జపాన్ చరిత్రకారుడు నొబోరు కరాషిమా బృందం చైనా పెంకులను ఏరింది. అవి 13, 14 శతాబ్దాలవి. సరుకు నేరుగా తీరానికి దిగుతున్నా, దాని పేరును నోటినోటికీ చేర్చింది మాత్రం హిందూ మహాసముద్రపు వర్తకుల పర్షియన్ అని నా అభిప్రాయం. మనం కొలిమిని చూడలేదు. అమ్మినవాడిని చూశాం. వాడు ఏమంటే అదే అన్నాం.

అయితే పర్షియాకు దక్కిన ఈ పేరు ఉత్తినే దక్కింది కాదు. చైనా పింగాణి అంటే అందరి కళ్లలో మెదిలేది తెలుపు మీద నీలం. చైనాలోని జింగ్‌దెజెన్ కొలుముల్లో 14వ శతాబ్దంలో ఆ నీలానికి వాడిన మేలిరకం కోబాల్టు పర్షియా నుంచి వచ్చేది. తెల్లమట్టి చైనావాళ్లది. దానికి కావొలిన్ అనే పేరే అక్కడి గావోలింగ్ అనే ఊరి నుంచి పుట్టింది. నీలం మాత్రం ఎరువు సరుకు. పెద్ద పెద్ద పళ్లాలు చేయించుకున్న గిరాకీలో పెద్ద వాటా పడమటి ఆసియాదే. రంగూ గిరాకీ రెండూ అటువైపువైతే పేరు కూడా అటునుంచి రావడం న్యాయమే.

ఇక మన జాడీ. కుమ్మరి శాస్త్రం ప్రకారం అది అసలు పింగాణే కాదు. నిజమైన పింగాణి 1300 డిగ్రీలు దాటిన వేడిలో కాలి, గాజుకు దగ్గరపడుతుంది. పలచటి పళ్లేన్ని దీపానికి ఎదురుగా పట్టి వెనక వేళ్లు కదిపితే నీడ ఇవతలికి తెలుస్తుంది. గోటితో కొడితే ఖంగుమంటుంది. జాడీని దీపం దగ్గర పెట్టినా సూర్యుడి ముందు పెట్టినా ఏమీ కనపడదు. అది రాయిలా గట్టిపడిన మట్టి, పైన గాజుపూత. మన నాలుక ఈ తేడా పట్టించుకోలేదు. పూత మెరిస్తే చాలు, పింగాణే. హిందీ, ఉర్దూల్లో ఆ జాడీకి వేరే పేరుంది, మర్తబాన్. బర్మా రేవు మర్తబాన్ పేరది. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతాకు ఒక రాణి నాలుగు మర్తబాన్లు ఇచ్చిందట. వాటినిండా ఉప్పులో ఊరిన అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు! ఓడ ప్రయాణానికి ఊరగాయ కట్టివ్వడం మన అమ్మమ్మలు కనిపెట్టిన విద్య కాదన్నమాట.

ఊరగాయకు పింగాణి ఎందుకో అందరికీ తెలుసు. ఉప్పూ పులుపూ ఇత్తడిని తినేస్తాయి. అదే పింగాణిలో అన్నం పెడితే మాత్రం మడి ఇళ్లల్లో ఒప్పుకునేవారు కాదు. లోహమైతే చింతపండూ బూడిదా పెట్టి తోమితే శుద్ధి. మట్టికి ఎంగిలి అంటితే పోదు. దానికి తోడు బోన్ చైనా ఒకటి. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో జొసయా స్పోడ్ కుటుంబం స్థిరపరిచిన ఆ మిశ్రమంలో దాదాపు సగం పశువుల ఎముకల బూడిదే. షాపులో ‘ఒరిజినల్ బోన్ చైనా అండీ’ అని మురిపెంగా చూపిస్తుంటే తల ఊపే శాకాహారులు ఎంతమంది ఆ మొదటి మాటను విని ఉంటారో!

పింగాణి మీద మోజు రాజులను ఎంత దూరం తీసుకెళ్లిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. సాక్సనీ పాలకుడు అగస్టస్ 1717లో ప్రష్యా రాజుకు 600 మంది సైనికులను అప్పగించి 151 చైనా పాత్రలు తీసుకున్నాడు. యూరప్‌లో తొలి పింగాణి కర్మాగారం మైసెన్‌లో 1710లోనే పెట్టించినవాడూ ఆయనే. సొంత కొలిమి ఉన్నా మోజు తీరలేదు.

తర్వాత్తర్వాత ఆ మోజు మధ్యతరగతి ఇంటికి చేరి ‘ప్యాటర్న్’ అయింది. ఇంగ్లండులో, అమెరికాలో పెళ్లికూతురు ఒక ప్యాటర్న్ ఎంచుకునేది. చుట్టాలు అందులోనే ఒకరు పళ్లేలు, ఒకరు కప్పులు కొనిచ్చేవారు. పగిలితే అదే ప్యాటర్న్ వెతుక్కుని భర్తీ చేసుకోవాలి. స్పోడ్ వాళ్ల బ్లూ ఇటాలియన్ 1816 నాటిది, ఇవాళా దొరుకుతుంది. వెండి చెంచాలకూ అదే పద్ధతి. గోర్హమ్ కంపెనీ 1895లో తెచ్చిన షాంటిలీ ప్యాటర్న్‌ను మనవరాళ్లు కూడా సేకరించారు.

మనకు వెండి అంతకన్నా ఎక్కువే. కంచం, గ్లాసు, చెంబు, గంధపు గిన్నె, పన్నీరుబుడ్డి, కుంకుమ భరిణె. అయినా వెండిలో ప్యాటర్న్ అన్న ఊహే మనకు నిలవలేదు. కారణం కొట్టు బల్ల మీది తక్కెడ. మనం వెండిని తూకానికి కొంటాం, తూకానికే మారుస్తాం. కూతురి పెళ్లికి అమ్మమ్మ కంచం కరిగి కొత్త గ్లాసులవుతుంది. తరుగూ మజూరీ పోగా మిగిలేది లోహమే, పనితనం కాదు. ఒక కంచం మీద పాత నగిషీ ఎంత బాగున్నా ‘పాత మోడల్’ అని తూకంలో వేసేస్తారు. ఆ వెండి అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరూ తేదీ కూడా మూసలో పోతాయి. ఇది పొదుపే కావచ్చు. నాకు మాత్రం నష్టంగానే తోస్తుంది. పింగాణికి ఈ గండం లేదు. పగులుతుంది గానీ కరగదు. కొత్తపట్నం పెంకు 700 ఏళ్ల తర్వాత కూడా తన కొలిమి సంగతి చెబుతోంది.

తెలుగునాట ప్యాటర్నులు చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ నిజాం దగ్గర దివానుగా కొద్దికాలమే చేశారు, సేకరణ మాత్రం 1949లో పోయేదాకా. చైనా, జపాన్ పాత్రలతో పాటు యూరప్ నుంచి వచ్చిన డ్రెస్డెన్, సేవ్ర, వెడ్జ్‌వుడ్ వస్తువులూ అక్కడున్నాయి. పచ్చటి సెలడాన్ పళ్లేల దగ్గర ఆగండి. అన్నంలో విషముంటే ఆ పళ్లెం పగిలిపోతుందనో రంగు మారుతుందనో దర్బారుల్లో నమ్మేవారు. నమ్మకం ఎంత నిజమో గానీ అమ్మకం మాత్రం బాగా సాగింది.

అద్దాల వెనక ఉన్నదాన్ని తిప్పి చూడలేం. ఇంట్లో ఉన్నదాన్ని చూడవచ్చు. సేకరించేవాళ్లు పళ్లెం ముఖం కన్నా వీపే ఎక్కువసేపు చదువుతారు. అడుగున పూత లేని గరుకు వలయం, దాని మధ్య ముద్ర. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం ప్రకారం ఆ దేశానికి వెళ్లే సరుకు మీద పుట్టిన దేశం పేరు వేయాలి. జపాన్ వాళ్లు మొదట ‘నిప్పన్’ అని వేశారు. 1921లో ఆ మాట చెల్లదన్నారు, ‘జపాన్’ అయింది. రెండో ప్రపంచయుద్ధంలో ఓడాక కొన్నాళ్లు ‘ఆక్యుపైడ్ జపాన్’, 1952తో అదీ పోయింది. ఒక దేశం తన పేరు తాను రాసుకోవడం, పరాయివాడు పిలిచే పేరు వేసుకోవడం, ఓడినవాడిగా రాసుకోవడం, మూడూ కప్పు అడుగున ఉన్నాయి.

కాబట్టి అటక మీది పాత పింగాణిని సామాన్లవాడికి వేసే ముందు ఒక్కొక్కటీ బోర్లించి చదవండి. అంచు పెచ్చు లేచిందని పారేయకండి. నిప్పన్ అని ఉంటే అది 1921కి ముందుది కావచ్చు.