సొంతిల్లా, కిరాయి ఇల్లా? పటాన్‌చెరు–సంగారెడ్డి బెల్టులో ఎక్కడ ఎలా ఉంది

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై హైవే మీద పోతుంటే రెండు రకాల బోర్డులు ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి ‘టు లెట్’, రెండోది ‘ప్లాట్లు అమ్మబడును’. ఫ్యాక్టరీ జీతం మీద బతికే కుటుంబం ఈ రెండింటి మధ్యే నలుగుతోంది. లెక్కలు ఏం చెప్తున్నాయి, ఆ లెక్కల్లో పడని సంగతులేంటి, ఇంటివాళ్లు ఏం చూసుకోవాలి అన్నది ఒక్కచోట ఇస్తున్నాం.

లెక్క ఏం చెప్తోంది

2011 జనగణన ప్రకారం దేశంలో 86.6 శాతం కుటుంబాలు సొంతింట్లో, 11.1 శాతం కిరాయి ఇంట్లో ఉన్నాయి. మిగతా 2.3 శాతం ‘ఇతర’. పల్లెల్లో కిరాయి కుటుంబాలు 3.4 శాతమే. పట్టణాల్లో మాత్రం 27.5 శాతం, అంటే నాలుగు కుటుంబాల్లో ఒకటి కంటే ఎక్కువే.

ఈ లెక్క పాతది. అమీన్‌పూర్, బొల్లారం, తెల్లాపూర్ మున్సిపాలిటీలు అయింది 2018లో. సంగారెడ్డి జిల్లా ఏర్పడిందే 2016 అక్టోబర్ 11న. ఇంకో సంగతి, జనగణనకు వచ్చేవాళ్లు ఇంటి కాగితాలు అడగరు, చెప్పింది రాసుకుంటారు. తాత పేరు మీదే ఉండి పంపకం కాని ఇల్లయినా, నోటరీ మీద కొన్న రెండు గదులైనా ‘మాదే’ అంటే సొంతం కిందే పడుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఏరియాల వారీగా

రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ వేరే లోకం. అక్కడ కంపెనీ క్వార్టర్లు. రిటైరైన రోజు సొంతిల్లు లేకపోతే కిరాయికి పోవాల్సిందే.

పాశమైలారం, ఇస్నాపూర్, రుద్రారం, బొల్లారం, గడ్డపోతారం వైపు కిరాయి గదులే ఎక్కువ. కాంట్రాక్టు పని ఎన్నాళ్లుంటుందో తెలియదు కాబట్టి బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లే కాదు, నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ లైన్ గదుల్లోనే ఉంటారు. ఊళ్లో సొంతిల్లు, ఇక్కడ కిరాయి గది.

అమీన్‌పూర్, బీరంగూడ వైపు ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు కొనుక్కున్న కుటుంబాలు ఎక్కువ. చెరువుల పక్కన కొన్నవాళ్లకు భయమూ ఎక్కువే. 2024 సెప్టెంబర్‌లో హైడ్రా కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడల్లో కూల్చివేతలు చేసింది.

సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ పాత బస్తీల్లో తాతల నాటి ఇళ్లున్నాయి. అక్కడ కిరాయి కంటే విరాసత్ పంపకాలే పెద్ద తలనొప్పి.

కిరాయి ఇంట్లో ఉంటే

పేరు వినగానే ‘ఇల్లు అయిపోయింది’ అనే మాట మనవాళ్లకు కొత్త కాదు. అందుకే చాలామంది మసీదు దగ్గరి గల్లీల్లోనే వెతుక్కుంటారు. వెతికే చోటు చిన్నదైతే బేరమాడే బలమూ తగ్గుతుంది. కాబట్టి కాగితమైనా గట్టిగా ఉండాలి.

ఏడాది దాటిన అగ్రిమెంట్‌కు 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది తప్పించుకోవడానికే అందరూ 11 నెలలకు రాసుకుంటారు. రాసుకోవడం తప్పు కాదు, ఏమీ రాసుకోకపోవడమే తప్పు. నెలవారీ కిరాయిలో వేరే ఒప్పందం లేకపోతే ఖాళీ చేయమనడానికి 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. తాళం వేసి సామాను బయటపడేసే హక్కు ఓనర్‌కు లేదు. అడ్వాన్స్, కిరాయి బ్యాంకు ద్వారా లేదా ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా కడితే రుజువు ఉంటుంది.

పెద్ద మొత్తం ఇచ్చి కిరాయి లేకుండా ఉండే ‘హెవీ డిపాజిట్’ పద్ధతిలో జాగ్రత్త. ఆ ఇల్లు ఇప్పటికే బ్యాంకులో కుదవలో ఉంటే మీ పైసలు ఇరుక్కుంటాయి. పైగా ఇది అప్పు మీద లాభం తీసుకోవడమేనని చాలామంది ఉలమా అభ్యంతరం చెప్తారు. ముందే అడిగి తెలుసుకోండి.

కొనాలనుకుంటే

సూద్ వద్దనుకునే కుటుంబం బ్యాంకు లోన్‌కు పోదు. నెలకు 6,000 కిరాయి అనుకున్నా పదేళ్లలో 7 లక్షల 20 వేలు పోతాయి. ఆ బాధతోనే చిట్టీలు ఎత్తి, బంగారం అమ్మి, తక్కువకు వస్తోందని కాగితం లేని ప్లాటు కొంటారు. మోసం ఎక్కువ జరిగేది అక్కడే. బయానా ఇచ్చే ముందు ఇవి చూడండి:

• ఈసీ, లింక్ డాక్యుమెంట్లు. నోటరీ కాగితంతో హక్కు రాదు.

• లావణి పట్టా, అంటే అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు.

• ప్రభుత్వ, వక్ఫ్, దేవాదాయ భూములుండే నిషేధిత జాబితా, అంటే 22ఏ లిస్టు. వక్ఫ్ భూమిని అమ్మింది మనవాళ్లే అయినా అది అమ్మకం కాదు.

• లేఅవుట్ పర్మిషన్. లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ అయిందా? 2020 ఎల్‌ఆర్‌ఎస్‌కు కటాఫ్ ఆ ఏడాది ఆగస్టు 26. వ్యవసాయ భూమిని గుంటల్లెక్కన, అంటే 121 గజాల ముక్కలుగా అమ్మితే ఇల్లు కట్టే పర్మిషన్ దగ్గర ఆగిపోతారు.

• చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దులు.

సర్కారు ఇళ్లు

కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లను 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న మొదలైంది. సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు విడతలవారీగా, ఇంటి ఆడవాళ్ల పేరు మీద ఇస్తారు. జాగా లేని కిరాయి కుటుంబానికి మొదటి విడతలో చోటు లేదు. సర్కారు భూమిలో ఏళ్లుగా ఉంటున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరణకు 2014 డిసెంబర్ 30న జీవో 58 వచ్చింది. అప్పట్లో అప్లై చేసినవాళ్లు ఆ రసీదును పారేయకండి.

ఇప్పుడు 2027 జనగణన. ఇంటి లెక్కలో సొంతమా కిరాయా అని మళ్లీ అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన బస్తీలో ఎంతమంది కిరాయికి ఉన్నారో లెక్కలోకి ఎక్కితేనే రేపు ఇళ్లు అడగడానికి ఆధారం ఉంటుంది. లెక్క రాసుకునేవాళ్లు కాగితం అడగకపోవచ్చు. మీ ఇంట్లో మీరే ఒకసారి అడిగి, ఆ సంచీ తెరిచి చూసుకోండి.