విషకన్య నుండి ద్వీపాంతరం వరకు

యువపాఠకులను ఉద్దేశించిన ఆంగ్ల నవలలలో ఒక శాఖ గత మూడు దశాబ్దాలలో విశేషంగా విస్తరించినది. రాబోయే కాలపు ఒక దుష్టరాజ్యం అందులో కథాస్థలం. పాలకులు తమ అవసరానికి తగినట్లు మనుష్యులను తయారు చేయించుకొందురు. కొలువులో కుట్రలు నడుచును. ఒక బాలికయో బాలుడో తన్ను ఎవరు, ఎందుకు మలచినారో తెలిసికొని ఎదురు తిరుగును. 1993లో వెలువడిన లోయిస్ లౌరీ 'ది గివర్', 2008లో వెలువడిన సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' ఈ శాఖకు బాట వేసినవి. ఇది పరదేశపు సరకనియు, మన నేలపై మొలకెత్తదనియు తలచుట సరికాదు. దీనికి కావలసిన మూలద్రవ్యం మన వాఙ్మయంలో ఉన్నది. పోర్ట్ బ్లెయిర్ చరిత్రలో అంతకు మించి ఉన్నది.

మొదట వాఙ్మయం. విశాఖదత్తుని 'ముద్రారాక్షసం' విషకన్యను ఎరుగును. శత్రురాజును చంపుటకే సిద్ధపరచిన స్త్రీ ఆమె. చంద్రగుప్తునికై రాక్షసమంత్రి పంపిన ఆ కన్యను చాణక్యుడు పర్వతకునిపైకి మరలించినాడు. ఆమె రంగస్థలం మీదికి రాదు. ఆమెకు పేరు లేదు, మాట లేదు. ఆయుధంగా మలచిన మనిషికి రాజనీతి ఇచ్చిన స్థానం అంతే. ఆధునిక నవల చేసిన కొత్త పని ఒక్కటే: ఆ విషకన్యకు నోరిచ్చినది.

ఇక చరిత్ర. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగినాడు. అచట నెలకొన్న ఏర్పాటు కేవలం దండించుటకు కాదు, మనిషిని తిరిగి తయారు చేయుటకు. ఖైదీ మెడలో కొయ్యబిళ్ల వేలాడును. దానిపై అతని సంఖ్య, నేరపు సెక్షను, శిక్ష పడిన తేది, విడుదల తేది ఉండును. ఖైదీలను తరగతులుగా విభజించినారు. నడవడి బాగున్నచో కొన్నియేండ్ల పిదప స్వయంపోషణకు అనుమతి, సాగుకు నేల, పెండ్లికి అనుజ్ఞ లభించును. వధువు ఆడఖైదీలలోని స్త్రీయే. వారి సంతానానికి దొరతనం పెట్టిన పేరు 'లోకల్ బోర్న్'. ఖైదీలపై కాపలా ఖైదీలలోనుండి ఎన్నిన టిండాళ్లు, జమాదారులదే. పేరునకు బదులు అంకెనిచ్చి, కాపురాన్ని సైతం దరఖాస్తుమీద మంజూరు చేసిన రాజ్యాన్ని ఏ నవలాకారుడు కల్పింపవలెను?

రాజసభా కుతంత్రానికి కూడ ఇచట కొరత లేదు. 1890లో మణిపురంలో సోదరుల కుట్రవలన సురచంద్ర సింహుడు సింహాసనం కోల్పోయినాడు, కులచంద్రుడు రాజైనాడు. మరుసటి యేడు ఆంగ్లేయులతో యుద్ధం వచ్చినది. 1891 ఆగస్టు 13న యువరాజు టికేంద్రజిత్తును ఉరితీసినారు. కులచంద్రుని అండమానుకు పంపినారు. ఇంఫాలులో మొదలైన అంతఃపుర కథ పోర్ట్ బ్లెయిర్ ఎదుటి కొండపై ముగిసినది. ఆ మౌంట్ హారియెట్‌కు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చినారు.

కాలక్రమం చూచినచో మరొక వింత కనబడును. 1896లో హెచ్. జి. వెల్స్ 'డాక్టర్ మోరో ద్వీపం' వెలువడినది. ఒంటరి దీవిలో ఒక వైద్యుడు మృగాలను శస్త్రచికిత్సతో మనుష్యులుగా మార్చబూనిన కథ అది. సెల్యులర్ జైలు నిర్మాణం ఆ యేడే ఆరంభమై 1906లో ముగిసినది. ఏడు బారులు, 693 ఒంటరి గదులు. ఒక గదివాని ముఖం మరియొక గదివానికి కనబడదు. 1932లో ఆల్డస్ హక్స్లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' వచ్చినది. సీసాలలో పెంచిన మనుష్యుల ఆ రాజ్యంలో, ఇమడని బుద్ధిమంతులను దీవులకు పంపుదురు. అదే 1932లో ప్రభుత్వం రాజకీయ ఖైదీలను మరల అండమానుకు పంపనారంభించినది. రచయితలు ఈ దీవిని తలచి వ్రాసిరని అనను. ఊహయు పాలనయు ఒకే కాలంలో ఒకే దారిన నడచినవని మాత్రమే చెప్పుచున్నాను.

సాహిత్యం కూడ నిర్దోషి కాదు. కోనన్ డాయిల్ 1890లో 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో అండమాను ఆదివాసిని విషపుములుకులు ఊదు క్రూరజంతువువలె చిత్రించినాడు. ఆ ఆదివాసులనే పోర్ట్‌మన్ అను అధికారి కొలతలు కొలిచి ఛాయాచిత్రాలు తీయుచుండగా, రోగాలు వారిని హరించుచుండెను. గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కలలో 625 మంది; 1961 నాటికి 19 మంది. మనిషిని తయారు చేయుటకు కత్తి అక్కరలేదు, కలం చాలును.

అయినను ఆ యంత్రం ఓడినది. 1933 మేలో ఖైదీలు నిరాహారదీక్ష పూనినారు. బలవంతంగా ఆహారం ఎక్కించుటతో మహావీర్ సింగ్ మొదలైన ముగ్గురు ఆ దీక్షలో అసువులు బాసినారు. బ్రతికినవారు సాధించుకొన్నవాటిలో దీపాలు, పుస్తకాలు ఉన్నవి. ఒంటరితనానికై కట్టిన కొట్లు పాఠశాలలైనవి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన మన ప్రతివాది భయంకరాచారి ఆ చెరలో నున్నవాడే. దొరతనం పట్టికలో చేర్చిన 'లోకల్ బోర్న్' సంతతి కులమతాల గీతలు దాటి తనదైన సమాజాన్ని నిర్మించుకొన్నది. 2011 లెక్కల ప్రకారం ఆ ద్వీపవాసులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురమైనది.

'డిస్టోపియా'కు తెలుగుమాట వెదకు అనువాదకులు 'ద్వీపాంతరం' అను పాతమాటను ఒకసారి చెవినిడి వినవలెను. నేరస్థుని సముద్రం దాటించి, ఊరినుండి, కులంనుండి, పేరునుండి వేరుచేయు శిక్ష యావత్తు అందులో ఇమిడియున్నది. మన యువతకై ఇట్టి కథలు వ్రాయువారు యంత్రాలను వర్ణించుటలో అలసిపోనక్కరలేదు. మెడలోని కొయ్యబిళ్లను వర్ణించిన చాలును. దాని వెనుక గుండె ఒకటి కొట్టుకొనుచున్నదని పాఠకుడు తానే గ్రహించును.