పేరు లేని రికార్డు

రేడియో ముందు కూర్చుండువారికి ఒక అలవాటు కలదు. గాయకుని పేరు చెప్పకముందే పాట మొదలైనచో, ఆ గొంతు ఎవరిదో పోల్చుకొనుటకు ఇంటిల్లపాదియు పోటీపడుదురు. ఇది ఫలానావారి గొంతే యని ఒకరు, కానే కాదని మరియొకరు వాదింతురు. తుదకు పేరు వెలువడువరకు ఆ చిన్న వివాదము తీరదు. ముఖము కనబడనిచోట చెవియే కన్ను గదా! అయితే చెవి తనకు వినవచ్చినదానినే గాక, తాను వినగోరినదానిని గూడ వినుచుండును. కోరిక ఎంత బలమైనదో, పొరపాటు అంత పెద్దదగును.

1977వ సంవత్సరమున అమెరికాలో అట్టి పొరపాటొకటి జరిగెను. ఏడేండ్లక్రిందట విడిపోయిన బీటిల్స్ అను గాయక బృందము రహస్యముగా మరల కలిసికొని కొత్త పాటలు పాడినదని ఎందరో శ్రోతలు నమ్మిరి. ఆ నమ్మకము ఎట్లు పుట్టినదో, దాని మూలమున ఎవరికి ఏమి జరిగినదో ఇచ్చట చెప్పదలచితిమి.

ఇంగ్లండు దేశమున లివర్‌పూల్ రేవుపట్టణమునకు చెందిన జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జి హారిసన్, రింగో స్టార్ అను నలుగురు యువకుల బృందమే బీటిల్స్. వారు మనకు బొత్తిగా కొత్తవారు కారు. 1968లో హృషీకేశమునకు వచ్చి మహర్షి మహేశ్ యోగి ఆశ్రమమున కొంతకాలము గడిపిరి. వారిలో హారిసన్ పండిత రవిశంకర్ వద్ద సితారు నేర్చినవాడు. 1962లో లండనులో వెలువడిన వారి మొదటి రికార్డు మొదలు ఎనిమిదేండ్లలోపల వారు రాక్ సంగీతమునకు కొత్త రూపము కల్పించిరి. 1970 ఏప్రిలులో మెకార్ట్నీ బృందము నుండి తొలగినట్లు పత్రికలలో వచ్చెను. తరువాత వ్యవహారము న్యాయస్థానమునకు ఎక్కెను. 1975 జనవరిలో వారి భాగస్వామ్యము చట్టరీత్యా రద్దయ్యెను.

అన్నదమ్ములు వేరుపడినచో ఊరివారు కొన్నాళ్ళు చెప్పుకొని మరచిపోవుదురు. ఈ నలుగురి వేరింటి కాపురమును మాత్రము వారి అభిమానులు మరువలేదు. నలుగురును ఎవరి రికార్డులు వారు వెలువరించుచున్నను, ఆ నాలుగు గొంతులు ఒక్కచోట వినవలెనను కోరిక తీరలేదు. 1976లో బిల్ సార్జెంట్ అను వ్యాపారి, ఒక్క కచేరికి నలుగురును కలిసి వచ్చినచో 5 కోట్ల డాలర్లు ఇత్తునని ప్రకటించెను. అదే సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీ రాత్రి ఒక టెలివిజన్ హాస్య కార్యక్రమమున దాని నిర్మాత లార్న్ మైకేల్స్, ఈ కోట్ల బేరమును వెక్కిరించుచు, వారు వచ్చి మూడు పాటలు పాడినచో 3,000 డాలర్లు ఇత్తునని చెక్కు చూపించెను. ఆ హాస్యమును న్యూయార్కులో తన ఇంట లెనన్, తన వద్దకు వచ్చిన మెకార్ట్నీతో కలిసి చూచెనట. సరదాకు ఆ స్టూడియోకు పోవుదమా యని ఇద్దరును అనుకొని, అలసటచే మానుకొంటిమని లెనన్ తరువాత చెప్పెను.

ఈ బేరములాడినవారందరును కచేరిని గూర్చియే మాటలాడిరి. అభిమానుల ఆశ అంతకంటె పెద్దది. పాత పాటలు రికార్డులలో ఉండనే ఉన్నవి. ఎప్పుడు కావలెనన్న అప్పుడు వినవచ్చును. విడిపోయినవారు నిజముగా కలిసిరనుటకు గుర్తు ఒక్క కొత్త పాట. వేదికమీద పక్కపక్కన నిలుచుటకు ఒక సాయంకాలము చాలును. కొత్త పాట కట్టుటకు మాత్రము మనసులు కలియవలెను. కావున కొత్త పాట ఎప్పుడు వచ్చునాయని వారు చెవులు రిక్కించి యుండిరి.

ఆ నిరీక్షణ నడుమ 1976లో ఒక లాంగ్ ప్లే రికార్డు బజారునకు వచ్చెను. దాని అట్టమీద ముఖము గల సూర్యబింబము చిత్రింపబడియున్నది. పాడినవారి పేరు 'క్లాటు' అని మాత్రమే కలదు. గాయకుల పేర్లు లేవు, ఛాయాచిత్రములు లేవు. పాటలు వ్రాసినది ఎవరన్న 'క్లాటు' యే. ఈ బృందమును కచేరిలో చూచినవారును లేరు. కెనడాలో మరియొక కంపెనీ వెలువరించిన ఈ రికార్డును అమెరికాలో కాపిటల్ కంపెనీ విడుదల చేసెను. బీటిల్స్ రికార్డులను ఆ దేశమున అమ్మినదియు ఆ కంపెనీయే. కొన్ని నెలలపాటు దీనిని పెద్దగా పట్టించుకొన్నవారు లేరు.

1977 ఫిబ్రవరిలో రోడ్ ఐలెండ్ రాష్ట్రమునకు చెందిన 'ప్రావిడెన్స్ జర్నల్' అను దినపత్రికలో స్టీవ్ స్మిత్ అను విలేకరి వ్యాసమొకటి వ్రాసెను. ఈ క్లాటు బీటిల్సే కావచ్చునా యని ఆయన సందేహము. ఆయన దానిని ప్రశ్నగానే వదలెను. అభిమానులు మాత్రము దానిని సమాధానముగా గ్రహించిరి.

ఇక ఆధారముల వేట మొదలయ్యెను. 'క్లాటు' అనునది 1951లో వచ్చిన 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' అను చలనచిత్రమున పరలోకము నుండి దిగివచ్చిన పాత్ర పేరు. రింగో స్టార్ 1974లో వెలువరించిన రికార్డు అట్టమీద అదే పాత్ర వేషమున నిలిచియున్నాడు! ఒక పాటలోని గొంతు అచ్చముగా మెకార్ట్నీ గొంతువలె ఉన్నదని కొందరనిరి. ఆ పాట విషయమేమన, 1870 ప్రాంతమున న్యూయార్కు వీధిక్రింద ఆల్ఫ్రెడ్ బీచ్ అను ఆయన గుట్టుగా త్రవ్వించిన రైలు సొరంగము. అయితే రహస్యమను మాట వినినంతనే దానియందు వేరొక రహస్యము ఉన్నదని శ్రోతలు తలంచిరి. పాట చివర తంతివార్తల టక్కుటక్కు సంకేతములు వినబడగా, వాటిని విప్పి చదువుటకు పూనుకొన్నవారు కొందరు. రికార్డును వెనుకకు త్రిప్పి వినినవారు మరికొందరు.

రేడియో స్టేషనులు ఈ గాలివార్తకు రెక్కలు కట్టెను. ఒక బీటిల్స్ పాట, వెంటనే ఒక క్లాటు పాట వినిపించి, ఇవి ఒక్కరివేనా యని శ్రోతలను అడుగుచుండిరి. ఇట్లు అడుగుటలోనే ఒక మెలిక కలదు. రెండు గొంతులను పక్కపక్కన పెట్టి పోలిక వెదకుమన్నచో, చెవి పోలికలనే వెదకును, భేదములను జారవిడుచును. రికార్డు కంపెనీ యన్ననో, ఔననలేదు, గట్టిగా కాదనలేదు. అనుమానము ఉన్నంతకాలము అమ్మకము ఉండును గదా! అంతవరకు అంగడులలో దుమ్ము పట్టియున్న రికార్డు అమెరికా అమ్మకముల పట్టికలో 32వ స్థానమువరకు ఎక్కెను.

నిజము తెలిసికొనుటకు గొప్ప పరిశోధన అవసరము లేకపోయెను. వాషింగ్టను నగరమున డబ్ల్యు.డబ్ల్యు.డి.సి. అను రేడియో స్టేషనులో కార్యక్రమముల అధికారి డ్వైట్ డగ్లస్. ఆయన అదే నగరమున ఉన్న కాపీరైటు కార్యాలయమునకు పోయి దస్త్రములు చూచెను. పాట ఎవరిదో హక్కు కొరకై అచ్చట నమోదు చేయుచుండిరి. అందు లెనన్ పేరు లేదు, మెకార్ట్నీ పేరు లేదు. జాన్ వొలొష్చుక్, డీ లాంగ్, టెర్రీ డ్రేపర్ అను పేర్లు బయటపడెను. వీరు ముగ్గురును కెనడా దేశమున టొరంటో ప్రాంతపువారు. బీటిల్స్ పాటలు వినుచు పెరిగిన తరమువారు గావున ఆ పోకడ వారి పాటలలో కనబడుటలో వింత లేదు. అందరును చెవులతో వాదించుచుండగా, ఒక్కడు లేచి కాగితము చూచి వచ్చెను. గాలివార్తకు రెక్కలు కట్టినదియు రేడియోయే, దానిని నేలకు దింపినదియు రేడియోయే.

తరువాత ఏమి జరిగెనో వినుడు. ఆశాభంగము పొందినవారి కోపము ఆ ముగ్గురిమీదికి మరలెను. మేము బీటిల్స్ అని వారెన్నడును చెప్పియుండలేదు. పేర్లు దాచుటలో వారి ఉద్దేశము, మనుష్యులను జూడక పాటను మాత్రమే వినుడని చెప్పుటయే. అయినను మోసగాండ్రను పేరు వారికి అంటుకొనెను. 1977లోనే వారి రెండవ రికార్డు వెలువడినది గాని, మొదటిదానివలె అమ్ముడుపోలేదు. మరి మూడు రికార్డులు వెలువరించి 1982లో బృందము విడిపోయెను. వారి మొదటి రికార్డులోని పాటయొకటి, గ్రహాంతరవాసులను ఉద్దేశించి పలికినది, 1977లోనే కార్పెంటర్స్ అను అన్నాచెల్లెండ్రు మరల పాడగా గొప్ప ప్రచారము పొందెను. పాటలో పస లేకయే ఇది జరుగునా? అది బీటిల్స్ పాట కాదని తేలినంతమాత్రమున, నిన్న చెవికి ఇంపైన పాట నేడు చేదైనది. మారినది పాట కాదు.

పేరు దాచుటచే మేలు కలిగిన సందర్భమొకటి మన దేశమునకు చెందినది కలదు. 1949లో వచ్చిన 'మహల్' అను హిందీ చిత్రములోని ప్రసిద్ధమైన పాట రికార్డుమీద గాయని పేరునకు బదులు, చిత్రములోని పాత్ర పేరైన 'కామిని' అని ముద్రింపబడెను. ఆ గొంతు ఎవరిదని శ్రోతలు ఆకాశవాణికి ఉత్తరములు వ్రాసిరి. ఆమె లతా మంగేష్కర్ అని అప్పుడు లోకమునకు తెలిసెను. అచ్చట శ్రోతలు, ఈ కొత్త గొంతు ఎవరిదని అడిగిరి. క్లాటు విషయమున, ఈ గొంతు మేము కోరినవారిదే గదా యని అడిగిరి. ప్రశ్నలో ఉన్న ఈ భేదమే ఒకచోట ఒక గాయనికి పేరు తెచ్చెను. మరియొకచోట ముగ్గురు గాయకుల పేర్లను కప్పివేసెను.

ఇంతకును బీటిల్స్ కొత్త పాట రానే లేదా? వచ్చినది. ఇందు కాలము చేసిన చమత్కారము చూడుడు. అభిమానులు కెనడావారి రికార్డును వెనుకకు, ముందుకు త్రిప్పి వినుచుండిన 1977 ప్రాంతముననే, న్యూయార్కులో తన ఇంట జాన్ లెనన్ పియానో ముందు కూర్చుండి రెండు పాటలను సాధారణమైన కాసెట్టుమీద ఎక్కించుకొనెను. వాటిలో ఒకటి 'ఫ్రీ యాజ్ ఎ బర్డ్', రెండవది 'నౌ అండ్ దెన్'. బజారులో వెదకినవారికి ఆ పాటలు దొరకలేదు. 1980 డిసెంబరు 8న లెనన్ తన ఇంటి వాకిటనే హత్యకు గురియయ్యెను. నలుగురును కలియుదురను ఆశ ఆనాటితో ముగిసెను.

1994లో లెనన్ భార్య యోకో ఓనో ఆ కాసెట్టులను మెకార్ట్నీకి ఇచ్చెను. మిగిలిన ముగ్గురును ఇంగ్లండులో మెకార్ట్నీ స్టూడియోలో కూడి, జాన్ సెలవుమీద పోవుచు ఈ పని ముగింపుడని తమకు అప్పగించినట్లు భావించుకొని, మొదటి పాటను పూర్తిచేసిరి. అది 1995 డిసెంబరులో రికార్డుగా వెలువడెను. రెండవ పాటను కూడ వారు చేపట్టిరి గాని, కాసెట్టులో లెనన్ గొంతు పియానో ధ్వనితో పెనవేసికొని యుండుటచే వదలివేసిరి. 2001 నవంబరు 29న హారిసన్ కూడ మరణించెను. తరువాత కాలమున, కలిసిపోయిన ధ్వనులను విడదీయు కంప్యూటరు ప్రక్రియ ఏర్పడెను. దాని సాయమున లెనన్ గొంతును వేరుచేసి, 1995లో హారిసన్ వాయించిన గిటారును జోడించి, మెకార్ట్నీ, రింగో స్టార్లు పాటను ముగించిరి. 2023 నవంబరు 2న 'నౌ అండ్ దెన్' వెలువడి, బ్రిటనులో అమ్మకములలో ప్రథమస్థానము పొందెను. 1969 తరువాత, అనగా 54 ఏండ్లకు, బీటిల్స్ పాట మరల ఆ స్థానమునకు వచ్చెను.

ఈ పాటను వినినవారు గొంతును పోల్చుకొనుటకై వాదులాడవలసిన పని లేకపోయెను. కోట్ల డాలర్ల బేరములు తేలేని పాటను, ఒక ఇంటి బీరువాలోని కాసెట్టు తెచ్చెను. నిరీక్షించుటలో తప్పు లేదు. ప్రేమించినవారి గొంతు మరల వినవలెనని కోరుట మనుష్య సహజము. అయితే ఆ నిరీక్షణ నడుమ మన ముంగిటికి వచ్చినవానిని, నీవు అతడవు కావని తరిమివేయుట న్యాయము కాదు.

ఇక మీదట పేరు తెలియని గొంతేదైన మన రేడియోలో వినబడినచో, అది ఎవరి గొంతువలె ఉన్నదని పోల్చుటకు ముందు, అది ఏమి పాడుచున్నదో చివరిదాక విందము. తరువాత పేరు అడుగుదము. వొలొష్చుక్, లాంగ్, డ్రేపర్ అను ముగ్గురు కెనడా యువకులు 1976లో తమ శ్రోతలను కోరినదియు ఇంతమాత్రమే.