మన ఇళ్ళలో పొయ్యిని ఎవరు ఎంచుకున్నారు?



ఈ మధ్య మన గ్రూపులో గృహప్రవేశం ఫోటోలు బాగా వస్తున్నాయి. చాలా సంతోషం. ప్రతి వంటింట్లోనూ నల్ల గాజు పలక, దాని మీద మూడో నాలుగో బర్నర్లు, పైన చిమ్నీ. అవి చూసి ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు: "అన్నా, స్లాబు కోసి దించే హాబ్ పెట్టేదా, మామూలు గ్యాస్ స్టవ్వే చాలునా, లేకపోతే కరెంటు ఇండక్షనా?" అని. నేను రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి, స్టవ్వులు అమ్మేవాణ్ణి కాను. అయితే కట్టె, బొగ్గు, నూనె ఎక్కడినుంచి ఎక్కడికి పోయేవో కాగితాలు రాసిన చెయ్యి ఇది. అందుకని నాకు తెలిసిన దారిలోనే జవాబు చెప్తాను. మన తాతల కాలం నుంచి పొయ్యి ఎట్ల మారిందో చూస్తే, ఇప్పుడు ఏది కొనాలో సగం తెలిసిపోతుంది.

కట్టెల కాలం

నేను చదివింది తమిళ బడిలో. అక్కడ 'అడుప్పు', ఇంటికొస్తే 'పొయ్యి'. కోయంబత్తూరు చుట్టుపక్కల మన ఊళ్ళలో రెండు మాటలూ ఒకే నోట్లో నడిచేవి. మట్టి పొయ్యికి పక్కనే ఇంకో చిన్న పొయ్యి అతికి ఉంటుంది. పెద్దదాంట్లో మంట పెడితే మిగిలిన వేడి లోపలి కన్నం గుండా చిన్నదానికి పోతుంది. తమిళంలో దాన్ని 'కొడి అడుప్పు' అంటారు, మన ఇళ్ళలోనూ అదే పేరు. పెద్దదాని మీద అన్నం ఉడికేలోపల చిన్నదాని మీద చారు కాగేది. ఈనాటి స్టవ్వులో ఒక బర్నర్ పెద్దది, ఒకటి చిన్నది ఉంటుంది కదా, ఆ పద్ధతి మన ఆడవాళ్ళకు కొత్త కాదు.

ఇక ఆ పొయ్యిలోకి కట్టె ఎట్ల వచ్చిందో చూడండి. మద్రాసు రాష్ట్రంలో మొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి బయలుదేరింది. తొలి కాలంలో ఇక్కడి ఇంజన్లకు కట్టెలే మేత. అడవులు తరిగిపోతున్నాయని, సముద్ర తీరం వెంబడి ఇసుక నేలల్లో సరుగుడు తోపులు పెంచారు. ఇంజన్లు బొగ్గుకు మారిన తరువాత ఆ సరుగుడు మద్రాసు వంటిళ్ళకు వంటచెరకు అయింది. అంటే ఇంట్లో ఏ కట్టె మండాలో ఇంటి ఇల్లాలు ఎంచుకోలేదు. రైలు వదిలిపెట్టింది పొయ్యిలోకి వచ్చింది.

పొగ మాత్రం ఆమె కళ్ళకు, ఊపిరికి మిగిలింది. ఆ పొగను తగ్గించాలని 1950లలో పూనుకున్నవాళ్ళలో హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు ముఖ్యులు. మట్టితోనే కట్టుకోగల, పొగగొట్టం ఉన్న పొయ్యిని ఆయన రూపొందించారు. తరువాత 1980లలో కేంద్ర ప్రభుత్వం దేశమంతా మెరుగైన పొయ్యిల పథకం నడిపింది. చాలా చోట్ల అవి నిలవలేదు. గొట్టంలో మసి పేరుకుంటే తీసేవాళ్ళు లేరు, పొయ్యి కన్నానికి ఇంట్లో ఉన్న గిన్నె సరిపోలేదు. వండే మనిషిని, ఆమె గిన్నెను చూడకుండా ఇచ్చిన పొయ్యి మూలన పడుతుందని అప్పుడే తెలిసింది.

బొగ్గు, పొట్టు

పట్నంలో చిన్న ఇళ్ళకు కట్టె పొయ్యి కుదరలేదు. అక్కడ కుంపటి. తమిళంవాళ్ళు 'కుముట్టి అడుప్పు' అంటారు. చెవికి వినగానే రెండూ చుట్టాలని తెలుస్తుంది. కుంపటి మీద కాఫీ డికాక్షను, పాలు, అప్పడాలు బాగా కుదిరేవి. కానీ తలుపులు మూసిన గదిలో బొగ్గు కుంపటి ప్రాణం తీసేది. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు.

రైల్వే లోకో షెడ్లు ఉన్న ఊళ్ళలో ఇంకో సంగతి. ఇంజను బూడిదలోంచి సగం కాలిన బొగ్గు ఏరుకొని పొయ్యిలో వేసుకునేవాళ్ళు. 1960లలో నైవేలి లిగ్నైటుతో చేసిన 'లెకో' బొగ్గు బిళ్ళలు వచ్చాయి. పొగ తక్కువ, వేడి ఎక్కువ. మన వయసువాళ్ళకు ఆ పేరు గుర్తుంటుంది. రంపం మిల్లు దగ్గర ఉన్నవాళ్ళది పొట్టు పొయ్యి. రేకు డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు గట్టిగా కూరి, సీసాను మెల్లగా పైకి లాగితే నడుమ గొట్టంలాగా దారి ఏర్పడుతుంది. కింద నుంచి అంటిస్తే గంటల తరబడి కణకణమని మండేది. మిల్లు పక్కన ఉంటే పొట్టు, షెడ్డు పక్కన ఉంటే బొగ్గు. ఇక్కడా ఎంపిక లేదు, దగ్గరలో ఏది దొరికితే అది.

కిరసనాయిలు

1892లో స్వీడన్ దేశంలో లిండ్‌క్విస్ట్ అనే ఆయన కిరసనాయిలును పంపు కొట్టి ఆవిరిగా మండించే స్టవ్వు తయారుచేశాడు. దాని పేరు ప్రైమస్. మన పంపు స్టవ్వులన్నీ ఆ వంశానివే. తమిళంలో కిరసనాయిలు 'సీమెణ్ణె', అంటే సీమ నుంచి వచ్చిన నూనె. స్పిరిటు పోసి వేడిచేసి, పంపు కొట్టి, కన్నం మూసుకుపోతే పిన్నుతో పొడిచి, ఆ గుయ్యిమనే చప్పుడులో వంట. చప్పుడు వద్దన్నవాళ్ళకు వత్తుల స్టవ్వు. 1970లలో నూనె ధర పెరిగిన తరువాత తక్కువ నూనెతో ఎక్కువ వేడినిచ్చే 'నూతన్' వత్తుల స్టవ్వును ఇండియన్ ఆయిల్ పరిశోధకులు తెచ్చారు.

కిరసనాయిలు స్టవ్వుతో ఒక మేలు జరిగింది. కట్టెకోసం, ఎండబెట్టడం కోసం పోయే పొద్దు మిగిలింది. ఒక కీడు కూడా జరిగింది. "స్టవ్వు పేలి కోడలి మృతి" అనే వార్త 1980లలో ఏ భాష పేపరులో చూసినా కనిపించేది. వాటిలో కొన్ని నిజంగా ప్రమాదాలు, కొన్ని కావు. 1986లో వరకట్న మరణాలకని శిక్షాస్మృతిలో 304బి సెక్షను చేర్చారు. ఇది రాయడం నాకు సులభంగా లేదు, అయినా పొయ్యి చరిత్రలో ఇది వదిలేస్తే అబద్ధం రాసినట్టవుతుంది.

గ్యాసు

మన దేశంలో వంటగ్యాసు 1955లో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీ మొదలుపెట్టింది. ఇండేన్ మొదటి కనెక్షను 1965 అక్టోబరులో కలకత్తాలో ఇచ్చారు. ఆ తరువాత చాలా ఏళ్ళు గ్యాసు అంటే కాచుకోవడమే. పేరు రాసిపెట్టి ఏళ్ళ తరబడి చూడాలి. పార్లమెంటు సభ్యుల కూపను దొరికితే తొందరగా వచ్చేది. పెళ్ళి మాటల్లో "గ్యాసు కనెక్షను ఉంది" అనేది ఒక ఆస్తి లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. మన తమిళనాడులో 2007లో పేద ఇళ్ళకు ఉచిత గ్యాస్ స్టవ్వులు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది.

గ్యాసుతో వంటింటి ఆకారమే మారింది. కుంపటి ముందు, పంపు స్టవ్వు ముందు ఆడవాళ్ళు కూర్చొని వండేవాళ్ళు. సిలిండరు కింద, స్టవ్వు దానికన్నా ఎత్తులో ఉండాలి కాబట్టి సిమెంటు తిన్నె వచ్చింది, నిలబడి వండడం వచ్చింది. ఆ తిన్నె ఎత్తు ఎవరు కొలిచారు? మేస్త్రీ తన నడుముకు కొలిచి కట్టాడు. ఐదడుగులు కూడా లేని మన అమ్మలు భుజం ఎత్తి, మునివేళ్ళ మీద నిలబడి సాంబారు కలిపిన ఇళ్ళు నేను ఎన్నో చూశాను.

కరెంటు

1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చి కోయంబత్తూరు మిల్లులు పెరిగాయి. కానీ ఆ కరెంటు మగ్గానికి పోయింది, వంటకు రాలేదు. చుట్టల హాట్ ప్లేటు హాస్టలు గదుల్లో, బ్రహ్మచారుల దగ్గర మాత్రమే ఉండేది. ఇండక్షను స్టవ్వులను అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1970ల మొదట్లో అమ్మకానికి తయారుచేసింది. మన ఇళ్ళకు వచ్చింది మొన్నమొన్న. 2012లో మా వైపు రోజుకు పది గంటలకు మించి కరెంటు పోయిన రోజులున్నాయి. అప్పుడు కొన్న ఇండక్షను స్టవ్వులు చాలావరకు అలమరలోకి పోయాయి. ఇప్పుడు కరెంటు నిలకడగా ఉంది కాబట్టి మళ్ళీ బయటికి వస్తున్నాయి.

ఇప్పుడు ఏది?

ఇంత కథ ఎందుకంటే, మన ఇళ్ళలో నూరేళ్ళుగా పొయ్యిని ఎంచుకున్నది రైలు, మిల్లు, రేషను అంగడి, మేస్త్రీ. వండే మనిషి ఎంచుకోలేదు. ఇప్పుడే మొదటిసారి నాలుగైదు రకాలు ఎదురుగా ఉన్నాయి, చేతిలో డబ్బు కూడా ఉంది. ఇప్పుడు కూడా బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు ఫోనులో బొమ్మ చూసి ఆర్డరు చేస్తే, అమ్మ గాజు పలక ముందు భయపడుతూ నిలబడుతుంది. అందుకే కొనేముందు వండే మనిషిని అంగడికి తీసుకుపోండి. అక్కడ ఇవి చూడండి.

మొదటిది ఎత్తు. గిన్నె అంచు ఆమె మోచేతికన్నా కిందనే ఉండాలి. మామూలు స్టవ్వు స్లాబు మీద కూర్చుంటుంది కాబట్టి నాలుగైదు అంగుళాలు ఎత్తు పెరుగుతుంది. హాబ్ లోపలికి దిగుతుంది కాబట్టి ఆ ఎత్తు మిగులుతుంది. పొట్టివాళ్ళకు హాబ్ మేలు. కానీ పాత ఇంట్లో స్లాబు కోయాలి. ఒక కంపెనీ హాబ్ కన్నం ఇంకో కంపెనీదానికి సరిపోకపోవచ్చు, రేపు మార్చాలంటే చిక్కు. స్లాబు తక్కువ ఎత్తులో కట్టించుకుంటే మామూలు స్టవ్వుతోనే పని జరుగుతుంది.

రెండోది గిన్నెలు. ఒక అయస్కాంతం తీసుకొని మీ గిన్నెల అడుగున పెట్టి చూడండి. అంటుకున్నవే ఇండక్షనుకు పనికొస్తాయి, అడుగు చదరంగా కూడా ఉండాలి. రాచ్చిప్ప, ఇత్తడి, మామూలు అల్యూమినియం పనికిరావు. చారు కాచే ఈయచ్చొంబు, అదే మన తగరం చెంబు, అసలే పనికిరాదు. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, గ్యాసు మీదైనా చారు పోసిన తరువాతనే పెట్టాలి. నాలుగు బర్నర్ల స్టవ్వు కొనేవాళ్ళు ఇంట్లోని రెండు పెద్ద గిన్నెలను మనసులో పక్కపక్కన పెట్టి చూసుకోండి. చిన్న పలక మీద నాలుగు బర్నర్లుంటే రెండే వాడుకుంటారు.

మూడోది గ్యాసు దారి. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. సిలిండరును అలమరలో పెడితే అడుగున గాలి కన్నాలు తప్పక ఉండాలి. సురక్ష ట్యూబును ఐదేళ్ళకొకసారి మార్చాలి, దాని మీద తేదీ ఉంటుంది. స్టవ్వు మీద ఐ.ఎస్. 4246 నంబరుతో ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. ఆ ప్రమాణం ప్రకారం వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలి. పైపు గ్యాసు వచ్చే వీధి అయితే బర్నరు జెట్లు మార్చాల్సి వస్తుంది, దానికి వీలైనదేనా అని అడగండి.

నాలుగోది ఖర్చు. గుమాస్తా లెక్క ఒకటి ఇస్తాను. 14.2 కిలోల సిలిండరు చేసే వంటను ఇండక్షను మీద చేస్తే సుమారు 140 యూనిట్లు అవుతుంది. మీ కరెంటు రేటును 140తో గుణించి సిలిండరు ధరతో పోల్చుకోండి. తమిళనాడులో కొన్ని యూనిట్లు ఉచితం. కానీ శ్లాబు దాటితే రేటు పెరుగుతుందని మరువద్దు.

చివరిది వయసు. మన సంఘంలో ఒంటరిగా ఉండే పెద్దలు ఎక్కువవుతున్నారు. మంట ఆరిపోతే గ్యాసును తానే ఆపేసే వాల్వు ఉన్న స్టవ్వు వాళ్ళకు మంచిది. ఇండక్షనుకు మంట లేదు, చీర కొంగు భయం లేదు. కానీ కళ్ళు మసకబారినవాళ్ళకు టచ్ బటన్లు కనబడవు, తిప్పే మరలున్నది చూడండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టరును అడిగిన తరువాతనే ఇండక్షను కొనాలి.

నన్నడిగితే, ఎక్కువ ఇళ్ళకు మంచి ఇత్తడి బర్నర్లున్న రెండు పొయ్యిల మామూలు గ్యాస్ స్టవ్వు, పక్కన ఒక చిన్న ఇండక్షను చాలు. సిలిండరు రావడం ఆలస్యమైతే కరెంటు, కరెంటు పోతే గ్యాసు. కొత్త ఇల్లు కట్టి, వండేవాళ్ళ ఎత్తు కొలిచి స్లాబు వేయించుకుంటే హాబ్ కూడా పెట్టుకోండి, వద్దనను.

బరంపురం, హోసూరు, షోలాపూరు, యానాం వైపు ఉన్న మనవాళ్ళు మీ ఇళ్ళలో పాత పొయ్యిలను ఏమని పిలిచేవాళ్ళో, ఏమి మండించేవాళ్ళో కింద రాయండి. ముఖ్యంగా ఆడవాళ్ళు రాయాలి. ఆ పొయ్యిల ముందు కూర్చున్నది మీరే కదా.