చక్రానికీ ఉంది ఛందస్సు

సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం గల సీమ మాది. అయినను మా తెల్లాపూర్‌లో కారుకు పెద్ద చక్రాలు వేయించదలచినవారు టైరుపై అంకెల జోలికి పోరు. ఆ అంకెలకొక చరిత్ర ఉన్నది మిత్రులారా!

అంబాసిడర్ టైరుపై 5.90-15 అని ఉండేది. వెడల్పు, రిమ్ము వ్యాసం రెండూ అంగుళాలే. 1946లో ఫ్రాన్సుకు చెందిన మిషెలిన్ సంస్థ రేడియల్ టైరు పేటెంటుకు దరఖాస్తు చేసింది. రేడియళ్ళు వ్యాపించాక వెడల్పు మిల్లీమీటర్లకు మారింది. టైర్లు పొట్టివవుతుండగా ప్రక్కగోడ ఎత్తును వెడల్పులో శాతంగా చెప్పవలసివచ్చింది. రిమ్ము మాత్రం అంగుళాలను విడువలేదు. 1975లో అదే సంస్థ టి.ఆర్.ఎక్స్. పేర రిమ్మునూ మిల్లీమీటర్లలోనికి తెచ్చింది. ఆ రిమ్ములకు మామూలు టైర్లు పట్టవు గనుక ఆ పద్ధతి నిలువలేదు.

ఈ మిశ్రభాషను చదువుట కష్టం కాదు. 2018 నాటి స్విఫ్టుకు 165/80 ఆర్ 14, 185/65 ఆర్ 15 రెండు కొలతలూ ఉండేవి. 165లో 80 శాతం 132. దానిని రెట్టించి, 14 అంగుళాలకు 355.6 కలిపితే చక్రవ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు. రెండవదానికి 622. రిమ్ము పెరిగింది, ప్రక్కగోడ 120కి తగ్గింది, వ్యాసం దాదాపు మారలేదు. కందంలో గణమేదైనా నాలుగు మాత్రలు తప్పనట్లే!

ఈ లెక్క తప్పితే స్పీడోమీటరు అసత్యమాడును. ప్రక్కగోడ మరీ తగ్గితే గుంటల దెబ్బ నేరుగా రిమ్ముకే. ఆపై అంకె భారసూచిక. అది పాతదానికంటె తగ్గరాదు. దుకాణానికి వెళ్ళేముందు ఈ కూడిక ఒకసారి చేసి చూడండి.